ఇంట తయారుచేసే యుకులేలే: మెడ ఆకృతి ఎంపిక

యుకులేలే నాలుగు తీగలతో, రొమ్ముకు ఆనించి ముంజేతితో అదిమిపట్టి వాయించే హవాయి దీవుల చిన్న తంత్రీవాద్యం. దాని గుల్ల పెట్టెకూ, తీగలను బిగించే మరలుండే తలకూ మధ్య నిలిచే సన్నని కలప భాగాన్ని మెడ అంటారు. వీణలో దండికి ఉన్న స్థానమే యుకులేలేలో మెడకు ఉంది. మెడ ముందువైపు మెట్లు పొదిగిన పలక అతికించి ఉంటుంది, ఆ మెట్ల మధ్య దూరాలు గణితం నిర్ణయించినవి కనుక అక్కడ తయారీదారు ఇష్టానికి పెద్దగా తావు లేదు. అతడు నిజంగా ఎంచుకోవలసింది వెనుకవైపు గుండ్రన, అంటే మెడను అడ్డంగా కోసి చూసినప్పుడు కనిపించే రూపం. గిటారు వ్యాపారంలో ఈ రూపాలను ఇంగ్లిషు అక్షరాల పోలికతో సీ, డీ, యూ, వీ అని పిలవడం స్థిరపడింది. అయితే ఈ అక్షరాలు వంపు ధోరణిని మాత్రమే తెలుపుతాయి, మందాన్ని తెలపవు. సీ పేరుతో అమ్ముడయ్యే రెండు మెడలు చేతికి పూర్తిగా వేర్వేరుగా తగలడానికి కారణం ఇదే.

యుకులేలే చరిత్ర మెడ తయారీతో ముడిపడి ఉంది. 1879 ఆగస్టు 23న రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి చెరకు తోటల కూలీలను హొనొలులు రేవుకు చేర్చింది. వారిలో మాన్యువల్ నునెస్, ఆగస్టో డియాస్, జోసే దో ఎస్పిరితో సాంతో అనే ముగ్గురు కొయ్యపనివారు ఉన్నారు. మదీరాలో వాయించే మషేత్ అనే చిన్న గిటారు వంటి వాద్యాన్ని వీరు హవాయిలో దొరికే కోవా కలపతో చేయడం మొదలుపెట్టగా, అది కొద్దికాలంలోనే స్థానిక వాద్యంగా మారి కలకౌవా రాజు ఆదరణ పొందింది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శన తరువాత అమెరికా అంతటా గిరాకీ పెరిగింది. మరుసటి ఏడాది, 1916లో, హొనొలులులో శామ్యూల్ కమాకా తన కార్ఖానా తెరవగా, అమెరికా తూర్పు భాగాన గిటార్లకు పేరొందిన మార్టిన్ కంపెనీ కూడా యుకులేలేలను మార్కెట్లోకి తెచ్చింది. ఇంటి తయారీకి ఈ వాద్యం అనువైనది కావడం వెనుక ఈ పుట్టుపూర్వోత్తరాలున్నాయి: ఇది మొదటి నుంచీ సామాన్య వడ్రంగి పనిముట్లతో చేసిన వస్తువు, చుట్టల పెట్టెను గుల్లగా వాడి చేసిన యుకులేలేలు కూడా ఎన్నో ఉన్నాయి. గుల్లకు పెట్టె సరిపోవచ్చు గాని, మెడను మాత్రం చెక్కక తప్పదు.

చేతి పట్టు

మెడ వెనుక రూపం చేతి కోసమే ఉన్నదని చెప్పడానికి, చేయి తగలని వాద్యాలను చూడటం మంచి మార్గం. ఒడిలో వెల్లకిలా పెట్టి ఉక్కు కడ్డీతో తీగల మీద జారుస్తూ వాయించే హవాయి గిటార్లలో వెనుకవైపు బొటనవేలు ఆనదు. అందుకే వాటిలో చాలావాటికి మెడ నలుచదరపు దుంగలాగే వదిలేస్తారు. కర్ణాటక సంగీతంలోని గోటువాద్యానికీ మెట్లు లేవు, ఎడమచేయి దండిని పట్టుకోదు. హవాయి గిటారు పద్ధతిలోనే వాయించే విశ్వమోహన్ భట్ మోహనవీణలోనూ మెడ వెనుక గుండ్రన సంగీతానికి అవసరమైనది కాదు. చేయి వెనక్కి వచ్చిన చోటే ఆకృతి ప్రశ్నగా మారుతుంది.

సరస్వతీ వీణ చేయి తగలని వాద్యాలకూ, మెడను చేయి మోసే వాద్యాలకూ మధ్య నిలుస్తుంది. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాలు పనసకలపతో వీణలు చెక్కుతాయి. అక్కడి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. దండిని లోపల గుల్లగా తొలిచి, పైన పలక కప్పి, మైనం మీద 24 మెట్లు నిలుపుతారు. ఈ స్థిర మెట్ల పద్ధతిని 17వ శతాబ్దపు తంజావూరు పాలకుడు రఘునాథ నాయకుని కాలానికి ముడిపెట్టడం సంప్రదాయం. వీణ బరువును నేల మీద కుండ, ఎడమ తొడ మీద బుర్ర మోస్తాయి గనుక, వైణికుని ఎడమచేయి ఏ బరువూ మోయకుండా గమకం కోసం తీగను లాగడానికి పూర్తి స్వేచ్ఛతో ఉంటుంది. కాబట్టి దండి లావుగా, గుండ్రంగా ఉన్నా అది ఇబ్బంది కాదు.

యుకులేలే పరిస్థితి దీనికి విరుద్ధం. వాద్యం మొత్తం బరువు సాధారణంగా అర కిలో లోపే అయినా, పట్టీ లేకుండా వాయించేవారు దానిని కుడి ముంజేతితో అదిమి, మెడను ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న సందులో ఆనిస్తారు. అంటే ఎడమచేయి తీగలను నొక్కుతూనే మెడను మోస్తుంది. అనుభవం ఉన్న తయారీదారులు గిటారు మెడను కుదించి యుకులేలేకు అతికించకపోవడానికి ముఖ్య కారణం ఇదే. శాస్త్రీయ గిటారు పద్ధతిలో బొటనవేలిని మెడ వెనుక నడిమధ్యన నిలిపే వారికి వెనుక భాగం కొంత చదునుగా ఉన్న డీ రూపం హాయిగా ఉంటుంది, ఎందుకంటే చదును మీద వేలు జారకుండా కుదురుతుంది. మెడను సందులోకి దించి బొటనవేలిని పలక అంచుపైకి రానిచ్చే జానపద వాద్యకారులకు వెన్ను కొద్దిగా పైకి లేచిన మెత్తని వీ రూపం ఆ సందులో సహజంగా కూర్చుంటుంది. ఈ రెండు పట్లనూ మార్చిమార్చి వాడేవారు, అంటే దాదాపు అందరు కొత్తవారూ, పలుచని సీ రూపంతో ఎక్కువగా ఇబ్బంది పడరు. లోతైన యూ రూపం చిన్న చేతులకు బొటనవేలిని చాలా దూరం నెడుతుంది. యుకులేలేను పిల్లల కోసం చేస్తున్నప్పుడు దానిని ఎంచుకోవడం పొరపాటే.

మెడ, తల కలిసే చోటి రూపం చరిత్ర కొంత ఆసక్తికరమైనది. 19వ శతాబ్దంలో మార్టిన్ గిటార్లలో తలను వేరే ముక్కగా చేసి మెడలోకి అతికించేవారు; ఆ అతుకు వెనుకవైపు వజ్రం వంటి ఒక ముక్కోణపు గుబ్బను మిగిల్చేది, తరువాత తలనూ మెడనూ ఒకే కలపలో చేయడం వచ్చాక కూడా ఆ గుబ్బ అలంకారంగా నిలిచిపోయింది. అతుకు కోసం పుట్టిన రూపం అలవాటుగా మిగలడం చేతిపనుల్లో తరచు కనిపించేదే. ఇంట చేసేవారు దీనిని అనుకరించే ముందు, తమ తల అతుకు ఏ రకమైనదో చూసుకోవాలి.

కొలతలు

సొప్రానో అనే చిన్న యుకులేలేలో మోగే తీగ పొడవు, అంటే మేరువు (తల దగ్గర తీగలు ఆనే గట్టు) నుంచి గుర్రం (గుల్ల మీద తీగలు ఆనే దిమ్మ) వరకు దూరం, సుమారు 345 మి.మీ.; కన్సర్ట్ రకంలో 380, టెనార్ రకంలో 430 మి.మీ.కు అటూఇటూగా ఉంటుంది. ఒక్కో మెట్టు స్థానాన్ని మిగిలిన పొడవును 17.817తో భాగించి కనుక్కుంటారు. సొప్రానోలో మెడ సాధారణంగా 12వ మెట్టు దగ్గర గుల్లను కలుస్తుంది గనుక, మేరువు నుంచి గుల్ల వరకు దూరం 172 మి.మీ. మాత్రమే, జానెడు కూడా ఉండదు. అందులోనూ చివరి మూడు సెంటీమీటర్లలో మెడ గుల్లకు అతుక్కునే మడమ భాగం లావెక్కడం మొదలవుతుంది. కాబట్టి చేయి నిజంగా కదిలే పొడవు 140 మి.మీ.కు మించదు, గిటారు మెడల్లో మాదిరిగా మొదట వీ, చివర సీ అనే మారురూపాలకు ఇక్కడ చోటు లేదు. టెనార్‌లో మెడ 14వ మెట్టు దగ్గర కలిసేటట్లు చేస్తే 238 మి.మీ. దొరుకుతాయి, అక్కడ కొంత వెసులుబాటు ఉంది.

మేరువు దగ్గర వెడల్పు అడ్డుకోత రూపం కన్నా ఎక్కువ ప్రభావం చూపుతుంది, కాని ఇంటి తయారీలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ అదే. బజారు యుకులేలేలలో ఇది 35 నుంచి 38 మి.మీ. మధ్య ఉంటుంది. అటూఇటూ అంచులకు 3 మి.మీ. చొప్పున వదిలితే, 35 మి.మీ. మెడలో తీగకూ తీగకూ మధ్య 9.7, 38 మి.మీ. మెడలో 10.7 మి.మీ. వస్తుంది. ఒక్క మిల్లీమీటరుకు ఇంత పట్టింపెందుకన్న ప్రశ్నకు డీ మేజర్ స్వరమేళనమే జవాబు: అందులో రెండవ మెట్టు దగ్గర పక్కపక్కనున్న మూడు తీగలను మూడు వేళ్లతో నొక్కాలి. సొప్రానోలో మొదటి, రెండవ మెట్ల మధ్య జాగా 18 మి.మీ. కన్నా కొంచెమే ఎక్కువ, అందులోకి మూడు వేలికొనలు ఇమడాలి. లావు వేళ్ల పెద్దవారు మెడ వెనుక గుండ్రన బాగోలేదని ఫిర్యాదు చేసే సందర్భాల్లో అసలు లోపం తరచు మేరువు వెడల్పులో ఉంటుంది. వెడల్పును 38కి పెంచినప్పుడు మందాన్ని తగ్గించి వెనుకవైపు చదును చేయాలి. లేకపోతే మెడ చుట్టుకొలత పెరిగి చేతికి మొద్దుగా తగులుతుంది.

మందం, అంటే మెట్ల పలకతో కలిపి వెనుక వెన్ను వరకు ఉన్న లోతు, మొదటి మెట్టు దగ్గర 15 నుంచి 20 మి.మీ. మధ్య ఉండటం వాడుక. మడమ వైపు వెళ్లే కొద్దీ ఒకటి రెండు మిల్లీమీటర్లు పెంచడం సరిపోతుంది.

బిగువు, దృఢత్వం

నైలాన్ తరహా తీగల లాగుడు సొప్రానోలో అన్నీ కలిపి 10 నుంచి 15 కిలోల బరువుకు, టెనార్‌లో 20 కిలోలకు అటూఇటూ సమానం. ఉక్కు తీగల గిటారులో ఇది 70 కిలోలు దాటుతుంది. ఉక్కు తీగల లాగుడును తట్టుకోవడానికే 1920ల తొలినాళ్లలో గిబ్సన్ కంపెనీలో థాడియస్ మెక్‌హ్యూ మెడ లోపల బిగించే సర్దుబాటు కడ్డీని రూపొందించాడు. యుకులేలేకు ఆ కడ్డీ అవసరం లేదు. ఇది ఇంటి తయారీదారుకు పెద్ద ఊరట, ఎందుకంటే కడ్డీ కోసం గాడి తవ్వితే మెడను అంతకు మించి పలుచన చేయడం కుదరదు.

అయినా రూపానికీ దృఢత్వానికీ ఉన్న సంబంధాన్ని లెక్క వేసి చూడటం వృథా కాదు. వంగకుండా నిలిచే శక్తి మందం ఘనానికి అనుపాతంలో ఉంటుంది కనుక, 20 మి.మీ. మెడను 16కు చెక్కితే ఆ శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. ఒకే వెడల్పు, ఒకే మందం గల మూడు అడ్డుకోతలను పోల్చితే, చదరపు దుంగకు నూరు పాళ్లనుకున్నప్పుడు సగం దీర్ఘవృత్తం, అంటే నిండు సీ రూపం, సుమారు 66 పాళ్లు, పదునైన త్రిభుజం 33 పాళ్లు ఇస్తాయి. పదునైన వీ మెడ అంతే లోతున్న సీ మెడకు సగం గట్టిగా మాత్రమే ఉంటుంది. దానితో సమానం కావాలంటే లోతును పాతిక శాతం పెంచాలి. పాత వీ మెడలు అంత లోతుగా ఎందుకుంటాయో దీనివల్ల తెలుస్తుంది. 16 మి.మీ. సీ మెడతో తృప్తిపడిన తయారీదారు అదే లోతులో వీ చెక్కి, వాద్యం శ్రుతి నిలవడం లేదని ఆశ్చర్యపడటానికి ఆస్కారం ఉంది. అతడు 20 మి.మీ.తో మొదలుపెట్టి ఉండవలసింది. నిజానికి వీ చెక్కేవారిలో ఎక్కువమంది వెన్ను అంచును గుండ్రంగా దిద్దుతారు గనుక తేడా ఇంతగా కనబడదు.

ఘాజియాబాద్ పరిసరాల్లో కలప, వాతావరణం

స్థానిక కలప, వాతావరణం మెడ రూపాన్ని ఎలా మారుస్తాయో చూడటానికి ఒక్క ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుందాం. గంగా యమునల నడుమ భూమిలో, హిండన్ నది ఒడ్డున ఉన్న ఘాజియాబాద్‌లో యుకులేలే తయారీ సంప్రదాయమేదీ లేదు. కాని పక్కనున్న పట్టణాలు వాద్యాల పనికి కొత్తవి కావు. 1976 వరకు ఘాజియాబాద్ ఏ జిల్లాలో భాగంగా ఉండేదో ఆ మీరట్‌లోని జాలీ కోఠీ బ్యాండు వాద్యాలకు ప్రసిద్ధి, తూర్పున అమ్రోహా ఢోలక్‌కు పేరు పొందింది. ఢిల్లీ కనాట్ ప్లేస్‌లోని రిఖీ రామ్ వంటి దుకాణాల్లో సితారు పని తరాలుగా సాగుతోంది. సితారు దండికి చాలాకాలంగా వాడే తున్ కలప యుకులేలే మెడకూ తగినదే: తేలిక, ఉలికి లొంగేది, మహాగనికి దగ్గరి జాతి.

ఈ ప్రాంతంలో సులువుగా దొరికేది శీశం. సహారన్‌పూర్ చెక్కడపు పనివారు దీనినీ మామిడినీ విస్తారంగా వాడతారు. శీశం అందమైన గట్టి కలప, మెట్ల పలకకు సరైనదే; మెడకు మాత్రం బరువు. 200 మి.మీ. పొడవు, 38 వెడల్పు, 16 మందం గల సీ మెడలో కలప పరిమాణం సుమారు 96 ఘన సెంటీమీటర్లు. శీశంతో చేస్తే దాదాపు 75 గ్రాములు, తున్‌తో 46 గ్రాములు తూగుతుంది. ముప్పై గ్రాముల తేడా అల్పంగా కనిపించినా, తల కలప కూడా దానికి తోడై వాద్యం తలవైపుకు వాలుతుంది, ఆ వాలును ఆపే పని ఎడమచేతి సందు మీద పడుతుంది. అందువల్ల శీశంతోనే చేయదలచినవారు మెడను పలుచగా, వెన్నును చదునుగా తీర్చి బరువు తగ్గించుకోవచ్చు. ఆ కలప గట్టిదనం 15 మి.మీ. మందాన్ని నిలబెట్టగలదు. తున్ లాంటి మెత్తని కలపకు 17 లేదా 18 మి.మీ. నిండు సీ రూపం క్షేమకరం. ఢిల్లీ కీర్తినగర్ వంటి కలప బజార్లలో కొత్త దుంగ కొనడం కన్నా, ఇంట్లో మూలపడ్డ పాత టేకు మంచపు పట్టె చాలాసార్లు మెరుగైన ముడిసరుకు, ఎందుకంటే ఏళ్ల తరబడి అక్కడి గాలికే ఆరి స్థిరపడింది. మేకులు కొట్టిన చోటును మాత్రం రంపానికి తగలకుండా చూసుకోవాలి.

అక్కడి వాతావరణం మెడకు పరీక్షే. మే, జూన్ నెలల్లో 40 డిగ్రీలు దాటే పొడి ఎండ, వెంటనే జులై నుంచి తేమ నిండిన వానాకాలం, డిసెంబరు, జనవరిలో పొగమంచు వరుసగా వస్తాయి. కలప పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మారుతుంది. కలపలోని తేమ శాతం ఐదు పాళ్లు తగ్గితే 38 మి.మీ. వెడల్పు పలక, వలయాలకు స్పర్శరేఖగా కోసినదైతే, సాధారణ కలపలలో మూడు నాలుగు దశాంశాల మిల్లీమీటరు కుదించుకుపోతుంది, వలయాలకు నిలువుగా కోసినదైతే అందులో సగమే. అందువల్లనే వేసవిలో మెట్ల తీగ కొనలు పలక అంచు దాటి వేళ్లకు గుచ్చుకుంటాయి. దీనికి రెండు జాగ్రత్తలు చాలు: మెడ దుంగను వలయాలు పలకకు నిలువుగా వచ్చేటట్లు ఎంచుకోవడం, వెనుక గుండ్రన అంచులో పలకను కలిసే చోట భుజాన్ని మరీ పదునుగా వదలకుండా కొంచెం నింపుగా ఉంచడం. ఈ నింపు డీ రూపంలో సహజంగా వస్తుంది, వీ రూపంలో రాదు.

చెక్కే క్రమం

తలను మెడకు 10 నుంచి 15 డిగ్రీల వాలులో ఏటవాలు అతుకుతో కలపడం ఒకే దుంగలో కోయడం కన్నా గట్టిది, ఎందుకంటే ఒకే దుంగలో వాలు కోసినప్పుడు కలప నార తల దగ్గర అడ్డంగా తెగి పొట్టిదై, చిన్న దెబ్బకే విరుగుతుంది. అతుకు ఎండిన తరువాత మెట్ల పలకను అతికించి, అప్పుడే వెనుకవైపు చెక్కడం మొదలుపెట్టాలి. పలక లేని మెడను ముందే చెక్కితే మందం లెక్క తప్పుతుంది.

మొదట మొదటి మెట్టు దగ్గరా, ఎనిమిదవ మెట్టు దగ్గరా కావలసిన మందానికి రెండు అడ్డు గాడులు కోసి, వాటి మధ్యనున్న కలపను చిత్రిక పట్టి సరిచేస్తారు. ఆ రెండు చోట్లా గట్టి అట్టతో కత్తిరించిన నమూనాను ఆనించి చూసుకుంటూ, మూలలను 45 డిగ్రీల పట్టెలుగా, ఆ పట్టెల అంచులను మళ్లీ చిన్న పట్టెలుగా తీసి, చివరకు ఆకురాయితోనూ బద్దకు చుట్టిన గరుకు కాగితంతోనూ గుండ్రం చేస్తారు. వేళ్లతో తడిమి గుండ్రం చూసుకోవడం మంచిదే గాని, కొత్తవారి చేయి ఒక్క చోటే ఎక్కువగా అరగదీయడానికి మొగ్గుతుంది; పట్టెల పద్ధతి ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుంది. పొడవునా ఒక ఉక్కు కొలబద్దను నిలిపి వెనుకనుంచి వెలుతురు చూస్తే గుంటలు బయటపడతాయి.

ఈ దశలో మెడను కోరుకున్న మందం కన్నా ఒక మిల్లీమీటరు ఎక్కువగా ఉంచి, తీగలు బిగించి, కొన్ని వారాలు వాయించిన తరువాతే తుది దిద్దుడు చేయడం మేలు. ఉత్తర భారతంలో ఆ గడువు ఒక వేసవినీ ఒక వానాకాలాన్నీ కలుపుకొని ఉంటే ఇంకా మంచిది. మెడ అప్పటికి ముందుకు వంగితే మందం తగ్గించే ఆలోచన మానుకోవాలి. నిటారుగా నిలిస్తే వాద్యకారుని బొటనవేలు ఎక్కడ ఆనుతోందో చూసి, ఆ భాగాన్ని మాత్రమే చదును చేయవచ్చు. కొందరు తయారీదారులు ఇక్కడ రూపాన్ని ఏకరీతిగా ఉంచకుండా, లావు భాగాన్ని జీ తీగ వైపుకు, అంటే అరచేతి వైపు కాక బొటనవేలి వైపుకు జరుపుతారు. బజారు మెడల్లో అరుదుగా కనిపించే ఈ అసమాన రూపం ఒకరి చేతికి కొలిచి చేసుకునే పనిలోనే సాధ్యం, ఇంటి తయారీకి అది ఇచ్చే అసలు లాభమూ అదే. చివరి పూతగా మెడ వెనుకకు మెరిసే లక్క రకం కన్నా తుడిచి ఆరబెట్టే నూనె నయం. జూన్ నెల చెమటలో మెరుపు పూత బొటనవేలికి అంటుకుని, ఎంత బాగా చెక్కిన గుండ్రనైనా జారనివ్వకుండా చేస్తుంది.